ఒక రాత్రిలో ఆరేవే పెట్టెలోకి: అండమాన్ ప్రయాణంలో సామాన్ల కథ

అండమాన్ దీవులకు వెళ్లాలనుకునేవారు చూడవలసిన చోట్ల గురించి నెలల ముందు నుంచి చర్చించుకుంటారు గానీ, సామాన్లు సర్దుకోవడాన్ని మాత్రం బయలుదేరే నాటి సాయంత్రానికి వదిలేస్తారు. ఊటీకో తిరుపతికో అలా వెళ్లినా పెద్ద ఇబ్బంది ఉండదు, ఎందుకంటే మరచిపోయిన వస్తువు అక్కడి బజారులో దొరుకుతుంది. దీవుల్లో బజారు ఉన్నా, అందులోని సరుకులో ఎక్కువ భాగం ప్రధాన భూభాగం నుంచి ఓడలోనో విమానంలోనో రావలసిందే. కళ్లద్దాలు విరిగినా, రోజూ వేసుకునే మాత్ర అయిపోయినా, స్వరాజ్ ద్వీప్ లాంటి చిన్న దీవిలో వెంటనే దొరుకుతాయన్న ధీమాతో ఉండకూడదు. పైగా అక్కడి వాతావరణం మన సామాన్ల మీద చేసే పని వేరు. ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు 23 నుంచి 31 డిగ్రీల మధ్యే ఉంటుంది కనుక చలికీ ఎండకీ వేర్వేరు దుస్తులు అక్కరలేదు. అయితే గాలిలో తేమ 80 శాతం దగ్గర తిరుగుతూ ఉంటుంది కనుక తడిసింది తొందరగా ఆరదు. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తాకే ఆ దీవుల మీద ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు వాన తక్కువ కాబట్టి మేము సంక్రాంతి వెళ్లగానే బయలుదేరేలా టిక్కెట్లు తీసుకున్నాము.

కనుమ, శుక్రవారం, కాకినాడ

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. ప్రయాణం చేయకూడని ఆ రోజు మొత్తాన్ని సర్దుకోవడానికే కేటాయించాము. వెళ్లేది నలుగురం: నేను, నా భార్య, మా అమ్మాయి, డెబ్బై ఏళ్లు దాటిన మా అమ్మ. పండుగకు వచ్చిన బంధువులు ఒక్కొక్కరూ ఒక్కొక్క సలహా ఇచ్చారు గానీ, వాటన్నిటిలోనూ పనికివచ్చిన మాట అమ్మ అన్నదే. "పుష్కరాలకు వెళ్లినప్పుడు ఏం పట్టుకెళ్లామో అవే పట్టుకెళదాం, నీళ్లలో దిగేదేగా!" అంది. ఆలోచిస్తే ఆ మాటలో చాలా విషయం ఉంది. 2015 గోదావరి పుష్కరాలకు రాజమండ్రి వెళ్లినప్పుడు అమ్మ సంచిలో ఉన్నవి రెండు తేలిక చీరలు, రెండు తుండుగుడ్డలు, తడి బట్టలకు వేరే కవరు, కాళ్లకు జారని చెప్పులు, డబ్బుకూ కాగితాలకూ నడుముకు కట్టుకునే చిన్న సంచి, అంతే. ఇవాళ బీచి ప్రయాణాల పేరుతో దుకాణాల్లో అమ్మే ఖరీదైన సరంజామాకు మూలం ఈ మూటలోనే ఉందని నాకు అనిపించింది. ఆ మాటను పట్టుకుని నేనొక నియమం పెట్టాను. సాయంత్రం ఉతికి దండెం మీద వేస్తే తెల్లవారేసరికి ఆరని బట్ట ఏదైనా పెట్టెలోకి వెళ్లకూడదు.

ఆ నియమం మొదట జీన్సు ప్యాంట్లను బయట పెట్టించింది. మా అమ్మాయి మూడు తెచ్చి పెట్టింది, మూడూ వెనక్కి వెళ్లాయి. తడిసిన జీన్సు బరువు రెట్టింపవుతుంది, తేమ గాలిలో రెండు రోజులకు కూడా నడుము పట్టీ దగ్గర ఆరదు, ఆరేలోపు ముక్క వాసన పడుతుంది. హోటళ్లలో కనిపించే దళసరి టర్కీ తువ్వాళ్లదీ అదే గతి. వాటికి బదులు పల్చని నూలు తుండుగుడ్డలు మనిషికి రెండేసి చొప్పున పెట్టాము. తుండు ఒళ్లు తుడుచుకోవడానికి, తలకు చుట్టుకోవడానికి, ఇసుకలో పరుచుకోవడానికి, బట్టలు మార్చుకునేటప్పుడు చాటు పట్టుకోవడానికి, పడవలో చలి గాలి వేస్తే భుజాల మీద కప్పుకోవడానికి ఉపయోగపడుతుంది, గంటన్నరలో ఆరిపోతుంది. నా వరకు లుంగీ కూడా అదే కోవలోనిది. నూలు బట్ట మంచిదే అయినా అది పల్చగా ఉంటేనే మంచిది. చొక్కాల విషయంలో నూలుకన్నా, క్రీడాకారులు వేసుకునే పాలియెస్టర్ బనియన్లే ఎక్కువ ఉపయోగపడతాయి. నీళ్లలో దిగడానికి పొడుగు చేతులున్న ఈత బనియన్లు అందరికీ కొన్నాము. అవి సిగ్గు కాపాడటానికి మాత్రమే కాదు, వీపును ఎండ నుంచి కాపాడటానికి కూడా. నీటిలో బోర్లా తేలుతూ చేపలను చూసేవాళ్లకు గంటలోనే మెడా వీపూ కమిలిపోతాయి.

నా భార్య ఉప్పాడ జరీ చీర ఒకటి పెట్టుకుంది. ఫొటోలకోసమట. ఉప్పు గాలికీ చెమటకూ జరీ నల్లబడుతుందన్న భయంతో తనే తరువాత తీసి బీరువాలో పెట్టింది. అమ్మ ఈ విషయంలో మరింత తెలివిగా రెండు సాదా సింథటిక్ చీరలనే ఎంచుకుంది. నీళ్లలో నిలబడితే నూలు చీర కాళ్లకు చుట్టుకుపోతుందనీ, సింథటిక్‌దైతే పిండి దులిపితే చాలనీ ఆమె అనుభవం.

ఎండ లేపనం దగ్గర కొంత సమయం గడిచింది. కొన్ని లేపనాల్లోని ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలు పగడపు దిబ్బలకు హాని చేస్తాయన్న కారణంతో హవాయి రాష్ట్రం వాటితో కూడిన లేపనాల అమ్మకాన్ని 2021 జనవరి నుంచి నిషేధించింది. చిక్కేమిటంటే డబ్బా మీద ఆ పేర్లే ఉంటాయని లేదు. ఆక్సీబెంజోన్‌ను బెంజోఫినోన్-3 అనీ, ఆక్టినోక్సేట్‌ను ఇథైల్‌హెక్సిల్ మిథాక్సీసిన్నమేట్ అనీ అచ్చువేస్తారు, అది కూడా చీమ తలంత అక్షరాల్లో. ఇంట్లో ఉన్న రెండు ట్యూబుల్లోనూ ఆ పేర్లు కనిపించడంతో వాటిని ఇంటి దగ్గరే వాడుకోవడానికి వదిలి, జింక్ ఆక్సైడ్ ఉన్నది తెప్పించాము. ముఖం కాస్త తెల్లగా పిండి పూసుకున్నట్టు కనబడుతుంది, అంతే తేడా. ఎండ నుంచి రక్షణను చెప్పే అంకె ఎస్‌పీఎఫ్. అది 30 ఉన్నది అతినీలలోహిత-బి కిరణాల్లో సుమారు 97 శాతాన్ని, 50 ఉన్నది సుమారు 98 శాతాన్ని ఆపుతుంది. కనుక పెద్ద అంకె కోసం అదనంగా డబ్బు పెట్టడంకన్నా, రెండు గంటలకోసారీ నీళ్లలోంచి లేచిన ప్రతిసారీ మళ్లీ పూసుకోవడానికి సరిపడా పెద్ద ట్యూబు కొనడం నయం.

మందుల సంచిని నా భార్య సర్దింది. అమ్మ రక్తపోటు మాత్రలు ప్రయాణపు రోజులకు సరిపడా కాక, మరో అయిదు రోజులకు అదనంగా పెట్టింది. సముద్రం బాగా లేకపోతే పడవలు రద్దవుతాయి, రద్దయితే ఉన్నచోటే ఉండిపోవాలి. పెద్ద ఆసుపత్రి అంటే దీవుల రాజధాని శ్రీ విజయపురంలోని గోవింద్ బల్లభ్ పంత్ ఆసుపత్రే. పడవలో వికారానికి మా డాక్టరుగారు రాసిచ్చిన మాత్రలు, పగడపు రాళ్లు గీసుకుంటే పూయడానికి బెటాడిన్, నీళ్ల విరేచనాలకు ఓఆర్ఎస్ పొట్లాలు, దోమలకూ ఇసుక ఈగలకూ లేపనం ఆ సంచిలోకి చేరాయి. డాక్టరు చీటీ నకలు కూడా ఒకటి.

తిండి విషయంలో పండుగ వేళ కావడం మాకు కలిసివచ్చింది, కొంత ఇరకాటంలోనూ పెట్టింది. ఇల్లంతా పిండివంటలే. వాటిలో ఏవి తీసుకెళ్లాలి? జంతికలు తేమ గాలికి పూటలో మెత్తబడతాయి. కాజాల పాకానికి చీమలు పడతాయి. అరిసెలు మాత్రం నూనె, బెల్లం పట్టి ఉండటం వల్ల నిలుస్తాయి కనుక ఒక స్టీలు డబ్బా నిండా అవే. అమ్మ పట్టుదలతో చిన్న సీసాడు ఆవకాయ కూడా చేరింది. దాన్ని మూడు జిప్ కవర్లలో ఒకదానిలో ఒకటి పెట్టి, తుండులో చుట్టి, పెద్ద పెట్టె మధ్యలో ఉంచాము. నూనె ఊరే పచ్చళ్లను విమానంలో చేతి సంచిలో తీసుకుపోనివ్వరు. ఎండు కొబ్బరి చిప్పలు తీసుకెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు మానుకోవడం మంచిది. నూనె శాతం ఎక్కువగా ఉండే ఆ చిప్పలు తమంతట తామే వేడెక్కి అంటుకునే స్వభావం ఉన్నవని విమాన రవాణా నియమాలు వాటిని ప్రమాదకర వస్తువుల కింద లెక్కిస్తాయి. కొబ్బరి తోటల దీవికి కొబ్బరి మోసుకెళ్లడమెందుకన్నది వేరే మాట.

ముక్కనుమ, శనివారం

పగలంతా బరువుల తూకం. దేశంలోని విమానాల్లో సాధారణంగా మనిషికి 15 కిలోల పెద్ద సామాను, 7 కిలోల చేతి సంచి అనుమతిస్తారు. మేము అందులో సగానికి కొంచెం పైన ఆగాము. బరువుకన్నా ముఖ్యం, ఆ బరువును మోసేది ఎవరన్నది. దీవుల ప్రయాణంలో విమానాశ్రయం నుంచి ఆటో, ఆటో నుంచి జెట్టీ, జెట్టీ నుంచి పడవ, పడవ నుంచి మళ్లీ జెట్టీ, అక్కడి నుంచి ఇసుక దారి దాటి బస, ఇలా పెట్టెలను ఎన్నోసార్లు ఎత్తి దింపాలి. నున్నటి గచ్చు మీద చక్కగా దొర్లే చక్రాల సూట్‌కేసు ఇసుకలో నాగలిలా దిగబడుతుంది. అందుకని ఒక్క అమ్మకు తప్ప మిగతా ముగ్గురికీ భుజాలకు తగిలించుకునే సంచులే తీసుకున్నాము. ఒక్కొక్క సంచి లోపల ముందుగా పెద్ద ప్లాస్టిక్ కవరు పరిచి, దానిలో బట్టలు పెట్టాము. సంచి బయట వేసే వాన తొడుగుకన్నా ఇది నమ్మకమైన పద్ధతి.

పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు పెద్ద సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. నూరు వాట్-గంటల లోపువాటికి ప్రత్యేక అనుమతి అక్కరలేదు. మా అమ్మాయి దగ్గరున్న 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 3.7 వోల్టుల లెక్కన 74 వాట్-గంటలే కనుక పేచీ లేదు. అసలు గుర్తింపు కార్డులు, మందులు, ఒక జత బట్టలు కూడా చేతి సంచిలోనే. పెద్ద సామాను ఒక రోజు ఆలస్యంగా వచ్చినా గడిచేలా చేతి సంచి సర్దుకోవాలన్నది పాత సూత్రం. పడవలు తమ వేళకు వెళ్లిపోయే దీవుల్లో దానికి విలువ ఇంకా ఎక్కువ. రాత్రి రైలెక్కి చెన్నై బయలుదేరాము.

ఆదివారం, శ్రీ విజయపురం

చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ టిక్కెట్ల మీదా మనుషుల నోళ్లలోనూ రెండు పేర్లూ నడుస్తున్నాయి. 2023 జులైలో ప్రారంభమైన కొత్త టెర్మినల్ నుంచి బయటికి అడుగుపెట్టగానే తేమ ఎలా ఉంటుందో ఒంటికి తెలిసింది. కెమెరాకు కూడా తెలిసింది. విమానంలోని చల్లని గాలిలోంచి తీసిన వెంటనే అద్దం మీద ఆవిరి పట్టేసింది. కెమెరాను సంచిలోనే అరగంట ఉంచి, బయటి వేడికి అలవాటు పడనిచ్చి తీయాలి. సంచిలో మందుల డబ్బాలలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి ఉంచితే మరీ మంచిది.

సెల్యులార్ జైలుకు సోమవారం సెలవు కనుక మధ్యాహ్నమే వెళ్లాము. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడపు ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. చరిత్ర గురించి రాయడానికి ఈ వ్యాసం చోటు కాదు. అయినా సామాన్ల ధ్యాసలో ఉన్న నన్ను ఆపేసింది మాత్రం శిక్ష కింద ఖైదీలకు తొడిగించిన గోనె బట్ట నమూనా. రాత్రిళ్లు కూడా చెమట ఆరని ఆ గాలిలో, గానుగ తిప్పే మనిషి ఒంటి మీద గోనె. దాని ముందు మా అమ్మాయి చాలాసేపు నిలబడింది. అక్కడ గదుల మధ్య, మేడ మీద ఎండలో బాగా నడవాలి కనుక టోపీ, నీళ్ల సీసా, గట్టి చెప్పులు అవసరం. సాయంత్రపు ధ్వని-కాంతి ప్రదర్శన ఆరుబయటే కాబట్టి దోమల లేపనం సంగతి అక్కడే మొదటిసారి గుర్తొచ్చింది.

సోమవారం, స్వరాజ్ ద్వీప్

హేవ్‌లాక్ అన్న పేరు 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్‌గా మారింది. అక్కడికి ప్రైవేటు పడవలో రెండు గంటల లోపు పడుతుంది. ప్రభుత్వ పడవలు అంతకన్నా నెమ్మది, చవక. జెట్టీ దగ్గర టిక్కెట్టుతోపాటు అసలు గుర్తింపు కార్డు చూస్తారు. పెద్ద సంచులను ఒక చోట చేర్చేస్తారు కనుక ప్రయాణంలో కావలసినవి ముందే విడదీసుకోవాలి. మేమెక్కిన పడవలో హాలు మొత్తం మూసి, ఏసీ గట్టిగా పెట్టారు. బయట ముప్ఫై డిగ్రీలు, లోపల వణుకు. తుండు కప్పుకున్న అమ్మను చూసి పక్క సీట్లవాళ్లు తమ సంచుల్లో ఏవో వెతుక్కున్నారు. అలలు మరీ పెద్దవి కావు, అయినా వెనక వరుసల్లో కొందరికి వాంతులయ్యాయి. వికారపు మాత్ర పడవెక్కిన తరువాత వేసుకుంటే ఆలస్యమైనట్టే, అరగంట నుంచి గంట ముందే వేసుకోవాలి. కడుపు ఖాళీగా ఉంచుకోవడం, నిండా తినడం రెండూ మంచివి కావు. మా నలుగురికీ ఒక్కొక్క అరిసె సరిపోయింది.

మధ్యాహ్నం రాధానగర్ బీచికి వెళ్లాము. 2020లో మన దేశంలో మొదటి విడతగా బ్లూ ఫ్లాగ్ అనే, తీరాల శుభ్రతకూ భద్రతకూ ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు పొందిన ఎనిమిది తీరాల్లో ఇదొకటి, మన విశాఖ రుషికొండ మరొకటి. ఆ గుర్తింపు వల్ల యాత్రికుడికి కలిగే మేలు ఏమిటంటే బట్టలు మార్చుకునే గదులు, మంచినీటి షవర్లు ఉండటం. అందువల్ల ఇక్కడికి తేవలసిన సంచి చిన్నదైపోతుంది: తుండు, మార్చుకునే జత, తడి బట్టల కవరు, నీళ్లు. మొసళ్ల గురించిన హెచ్చరిక బోర్డులు, జెండాలు పెట్టిన హద్దులు ఉన్నాయి. వాటిని లెక్కచేయకుండా దూరంగా వెళ్లేవారు ఎప్పుడూ ఉంటారు.

ఇక్కడి పొద్దు గురించి ముందే తెలుసుకుని ఉండటం పనికివచ్చింది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మా కాకినాడ పక్కనుంచే పోతుంది. ఈ దీవులు దానికి పది డిగ్రీలు తూర్పున ఉన్నా గడియారం మాత్రం అదే. ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు ఇక్కడ నలభై నిమిషాలు ముందుంటాడు. జనవరి మధ్యలో అయిదుంపావు దాటేసరికే సూర్యాస్తమయం. ఆరు గంటలకు చెట్ల కింద దారి కనిపించదు. తలకు కట్టుకునే చిన్న టార్చి ఒకటి అమ్మ కోసమే తెచ్చాము. మరో విషయం, సాయంత్రపు తడి ఇసుక మీద కంటికి ఆనని ఇసుక ఈగలు కుడతాయి. కుట్టినప్పుడు తెలియదు, మర్నాడు దద్దుర్లు వచ్చి వారం రోజులు దురద పెడుతుంది. మోకాళ్ల కింద వరకు లేపనం రాసుకున్న వారికి ఏమీ కాలేదు. ఇసుకలో నేరుగా కూర్చోకుండా లుంగీ పరుచుకోవడం కూడా ఒక రక్షణ.

మంగళవారం, ఎలిఫెంట్ బీచి

ఈ రోజు కోసమే సగం సామాను తెచ్చామని చెప్పవచ్చు. ఎలిఫెంట్ బీచికి జెట్టీ నుంచి చిన్న పడవలో వెళ్లవచ్చు, అడవిలో నడిచి కూడా వెళ్లవచ్చు. మేము పడవ ఎక్కాము. దిగేటప్పుడు మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగాలి, కనుక వెంట ఉన్నదంతా తడవడానికి సిద్ధంగా ఉండాలి. అక్కడ అక్కరకు వచ్చినది పది లీటర్ల నీరు చొరని సంచి, మూతి మూడు మడతలు వేసి బిగించేది. ఫోన్లు, డబ్బు, కార్డులు, పొడి తుండ్లు అందులో వేసి అమ్మ చేతికిచ్చాము. ఫోనుకు మెడలో వేసుకునే ప్లాస్టిక్ పౌచీలు కూడా రెండు ఉన్నాయి గానీ, వాటిని ముందు ఇంటి దగ్గర కాగితం ముక్క పెట్టి బకెట్టులో అరగంట ముంచి చూశాము. రెండింటిలో ఒకదానిలో కాగితం తడిసింది. ఆ పరీక్ష చేయకుండా ఎవరూ ఫోను పెట్టకూడదని నా అభిప్రాయం.

నీటిపై బోర్లా తేలుతూ అడుగును చూసే స్నార్కెలింగ్‌కు ముఖానికి తొడుక్కునే మాస్కు, నోట పెట్టుకునే గొట్టం అక్కడ ఇస్తారు. పది మంది నోట్లో పెట్టుకున్న గొట్టం మళ్లీ పెట్టుకోవడం ఇష్టం లేనివారు సొంతది తెచ్చుకోవచ్చు, బరువు తక్కువే. నాలాంటి కళ్లద్దాల వారికి అసలు సమస్య వేరే ఉంది. మాస్కు లోపల కళ్లద్దాలు పట్టవు, వాటి కాడల దగ్గర నీళ్లు లోపలికి వస్తాయి. కాంటాక్టు లెన్సులతో సముద్రంలో దిగడం కంటికి మంచిది కాదు, నీటిలోని సూక్ష్మజీవులు లెన్సు కింద చేరితే కంటికి తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ రావచ్చు. అందుకని నా సైటుకు దగ్గరగా ఉండే పవర్ అద్దాల మాస్కు ఒకటి ముందే తెప్పించుకున్నాను. సరిగ్గా నా నంబరు కాకపోయినా సరే, నీలి చారల చేపకూ రాయికీ తేడా తెలిసింది. అద్దం మీద ఆవిరి పట్టకుండా లోపలివైపు పిల్లల షాంపూ ఒక చుక్క రాసి కడిగితే చాలు. మీసం ఉన్నవారికి పై పెదవి దగ్గర మాస్కు సరిగా అంటుకోదు, అక్కడ కొద్దిగా వాజలిన్ రాయాలని మమ్మల్ని తీసుకెళ్లిన కుర్రాడు చెప్పాడు. ఆ వాజలిన్ కూడా అతని దగ్గరే ఉంది.

నీళ్లలో పగడపు దిబ్బ మీద నిలబడకూడదు, పట్టుకోకూడదు. అవి ప్రాణులు, వాటి ఎదుగుదల ఏడాదికి సెంటీమీటర్లలో ఉంటుంది. మనకు కూడా క్షేమం కాదు, పగడం గీత సన్నగా ఉన్నా మానడానికి చాలా రోజులు పడుతుంది. మా అమ్మాయి చీలమండ దగ్గర చిన్న గీత పడితే మంచినీటితో కడిగి బెటాడిన్ రాశాము. తెచ్చిన నీళ్లలో ఒక సీసా ఆ కడగడానికే అయిపోయింది. ఒడ్డుకు వచ్చేసరికి అమ్మ నీరు చొరని సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని, పక్కనున్న బెంగాలీ కుటుంబానికి అరిసెలు పంచి, వాళ్లిచ్చిన నారింజ పళ్లు మాకోసం అట్టే పెట్టింది.

బుధవారం

పొద్దున్నే మా అమ్మాయి స్కూబా డైవింగ్‌కు వెళ్లింది. సరంజామా అంతా వాళ్లదే కనుక మేము ఇవ్వవలసింది ఆరోగ్య పత్రం మీద సంతకం, అంతే. డైవింగ్ చేసిన తరువాత వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్కసారి దిగినవారు కనీసం 12 గంటలు, ఒకటికన్నా ఎక్కువసార్లు దిగినవారు 18 గంటలు ఆగాలని డైవింగ్ వైద్యులు చెబుతారు. అందుకే దాన్ని తిరుగు ప్రయాణానికి దూరంగా వారం మధ్యలో పెట్టుకున్నాము.

మిగతా రోజంతా బట్టలు ఉతకడం, ఆరవేయడం. వెంట తెచ్చిన నైలాను తాడును వరండా స్తంభాల మధ్య దండెంగా కట్టి, క్లిప్పులతో బిగించాము. ఉప్పు నీటిలో తడిసిన బట్టను మంచినీటిలో ఒకసారి జాడించకుండా ఆరవేస్తే అది ఎన్నటికీ పూర్తిగా ఆరదు, ఉప్పు గాలిలోని తేమను లాగుతూ ఉంటుంది. సాయంత్రం గంటసేపు కరెంటు పోయింది. డీజిలు జనరేటర్ల మీద ఎక్కువగా ఆధారపడే దీవులివి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబులు 2020 ఆగస్టులో ప్రారంభమైన తరువాత ఇంటర్నెట్ చాలా మెరుగుపడింది. అయినా బజారులో ఫోను చెల్లింపు రెండుసార్లు తిరగ్గొట్టింది. చిల్లర నోట్లు తెచ్చుకోవడం మంచిదైంది.

గురువారం, షహీద్ ద్వీప్

నీల్ అన్న పాత పేరుతోనే ఎక్కువమంది పిలిచే ఈ దీవి చిన్నది, పొలాలతో నిండినది. జెట్టీ దగ్గర ఆటో మాట్లాడుకుంటుంటే మా మాటలు విన్న డ్రైవరు, "ఏ ఊరండీ మీది?" అని తెలుగులో అడిగాడు. వాళ్ల తాతగారిది శ్రీకాకుళం దగ్గరి పల్లె. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో పదమూడు శాతం మందికి తెలుగే మాతృభాష. సాయంత్రం దాకా అతనే తిప్పాడు, మా చెప్పుల వైపు చూసి ముందే సలహా కూడా ఇచ్చాడు. "రాతి వంతెన దగ్గరకి ఇవి పనికిరావండి, అమ్మగారికైతే అసలు వద్దు."

ఆ వంతెన లక్ష్మణ్‌పూర్ రెండో బీచి దగ్గర సముద్రం తొలిచిన సహజ శిల్పం. నీరు వెనక్కి తగ్గే ఆటు సమయంలోనే నడిచి చేరగలం. దారి పొడవునా చచ్చిన పగడాల మొనలు, నాచు పట్టిన రాళ్లు, వాటి మధ్య నీటి గుంటలు. హవాయి చెప్పులు అక్కడ జారతాయి, తెగుతాయి. రబ్బరు అడుగు గట్టిగా ఉండి, మడమకు పట్టీ ఉండి, తడిసినా చెడని చెప్పులే కావాలి. మేము ముగ్గురమూ అలాంటివే వేసుకున్నాము. అమ్మ మాత్రం చెట్టు నీడన డ్రైవరుతో శ్రీకాకుళం కబుర్లు చెబుతూ ఉండిపోయింది. ఆటు పోటు వేళలు రోజుకు ఇంచుమించు యాభై నిమిషాల చొప్పున జరుగుతాయి కనుక నిన్న వెళ్లినవారు చెప్పిన వేళను నమ్మకుండా ఆనాటి వేళ అడగాలి. గుంటల్లో సముద్రపు దోసకాయలు, చిన్న పీతలు కనిపించాయి. మోకాళ్ల మీద వంగి చూడవలసిన చోటు కనుక కళ్లద్దాలకు వెనక తాడు కట్టుకున్నాను. ఆవకాయ సీసా ఆ రాత్రి డ్రైవరు ఇంటికి చేరింది. అమ్మ ముందు నుంచీ దానికెవరో ఒకరు దొరుకుతారనే తెచ్చిందేమోనని నాకు అనుమానం.

శుక్రవారం, శనివారం: తిరుగు దారి

శుక్రవారం మళ్లీ రాజధానికి. సాగరిక ప్రభుత్వ ఎంపోరియంలో చిన్న చిన్న శంఖపు వస్తువులు కొని, బిల్లును వాటితోపాటే పెట్టాము. తీరాన ఏరుకున్న పగడపు ముక్క ఎంత చచ్చినదైనా, ఎంత చిన్నదైనా వెంట తేవడానికి వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పగడాలకు కూడా రక్షణ ఇస్తోంది. విమానాశ్రయంలో స్కానరు దగ్గర మా ముందు వరుసలో ఒకాయన సంచిని విప్పించి, సబ్బు పెట్టెలో ఉన్న తెల్లని ముక్కలను తీయించారు. పెట్టెలో కొత్తగా చేరేవాటి గురించి కూడా వెళ్లే ముందే ఇంట్లో పిల్లలకు చెప్పి ఉంచడం మంచిది.

వాడకుండా తిరిగి వచ్చినవి కొన్ని ఉన్నాయి. గొడుగు ఒకటి, దళసరి నవల ఒకటి, నా భార్య తెచ్చిన ఇస్త్రీ పెట్టె ఒకటి. ఇస్త్రీ పెట్టె మళ్లీ తెస్తానంటోంది. చాలదనిపించినవి బట్టల క్లిప్పులు, జిప్ కవర్లు. తడి ఈత బట్టలను శనివారం పొద్దున్న ఆరీ ఆరకుండానే విడి కవరులో కట్టి, సంచిలో అన్నిటికన్నా పైన పెట్టాము, ఇల్లు చేరగానే ముందు అవే బయటికి రావాలని.

కాకినాడలో సామాను విప్పిన రోజు చేసిన పనులు కూడా సర్దుకోవడంలో భాగమే. సంచుల జిప్పులను, మాస్కుల బకిల్సును, చెప్పుల పట్టీలను గోరువెచ్చని మంచినీటిలో నానబెట్టి కడిగాము, లేకపోతే ఉప్పు పట్టి జిప్పులు బిగుసుకుపోతాయి. టార్చిలోని బ్యాటరీలు తీసేశాము. సంచుల మూలల్లో చేరిన ఇసుకను దులపడానికి వాటిని తిరగేసి మేడ మీద రెండు రోజులు ఎండబెట్టాము. లేపనం ట్యూబు మీద తెరిచిన తేదీ రాసి పెట్టాము. నీరు చొరని సంచిని మా అమ్మాయి వర్షాకాలంలో పుస్తకాలకు వాడుకుంటానని తీసుకుంది.